బ్రేకు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది

ఆగస్టు 18, సోమవారం

కీర్తన ఫోన్ చేసింది! నా బిడ్డ, నా ఒక్కగానొక్క బిడ్డ ఫోన్ చేసింది! దేవునికి స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు! పెరట్లో బీరపాదుకు నీళ్లు పోస్తుంటే వాళ్లమ్మ మణెమ్మ పిండి చేత్తోనే ఫోన్ పట్టుకొచ్చి "నీకే" అని నా చెవికి ఆనించింది. రెండేళ్ల నాలుగు నెలల తర్వాత ఆ గొంతు! చేతిలోని చెంబు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

ఏమందో మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

"నాయినా, కారుల బ్రేకు లైటు ఎలుగుతున్నది. ఎర్రగ. ఆర్తనే లేదు. నీకు బ్రేకుల సంగతి తెలుసు గద, ఏం జెయ్యాలె?"

అంతే. బాగున్నావా అనలేదు. అనకపోతేనేం! నాకు బ్రేకుల సంగతి తెలుసని ఆమెకు తెలుసు. భూపాలపల్లిలో ఎంతమంది మెకానిక్కులు ఉండి ఉంటారు, వాళ్లందరినీ కాదని నన్ను అడిగింది. వాళ్లు కారు కొన్నారన్న సంగతే నాకు ఇప్పుడు తెలిసింది. నేను అడిగితే చెప్పింది, జనగామలో ఎవరి దగ్గరో పాతది, పదమూడేళ్లది కొన్నారట. రోజూ గణపురం దవాఖానకు తానే నడుపుకుంటూ డ్యూటీకి పోతోందట. మా ఇంట్లో సైకిల్ దాటి పోయిన మొదటి మనిషి నా బిడ్డ!

"చూసి చెప్త" అన్నాను. భూపాలపల్లిలో ఉన్న కారును డోర్నకల్‌లో కూర్చుని ఎట్లా చూస్తానో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

రైల్వేలో ఖలాసీగా ముప్పై నాలుగేళ్లు వ్యాగన్ల కింద దూరినవాణ్ణి. ఎంత పెద్ద గూడ్సు బండిని ఆపే బ్రేకులైనా ఈ చేతుల కిందనే బాగుపడ్డాయి. కారు బానెట్ ఎత్తి చూసింది మాత్రం లేదు. అయితేనేం, బ్రేకు బ్రేకే కదా.

ఒక సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాసుకోవాలి. నాకు బిడ్డ మీద ఎప్పుడూ కోపం లేదు. మన చర్చి సంఘం వాడు కాని ఆ శ్యాం అనే అబ్బాయిని రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుని వచ్చిన రోజు, సంఘ పెద్దలు నలుగురు వాకిట్లో కూర్చుని ఉండగా, "మీరిద్దరు ఈ ఇంట్ల అడుగు పెట్టొద్దు" అన్నాను. ఒక్క వాక్యం. నేనూ సంఘ పెద్దనే గనుక అనాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను ఫోన్ చేయలేదు, ఆమె చేయలేదు. అటువైపు సిగ్నల్ కూడా సరిగా ఉండదంటారు.

ఆ లైటు తొందరగా ఆరకుండా ఉంటే బాగుండు.

కాదు. అట్లా రాయకూడదు. బిడ్డ నడిపే బండి. దేవుడి దయవల్ల రేపే ఆరిపోవాలి.

ఆగస్టు 19

ఫోన్ రాలేదు. చార్జింగ్ మూడుసార్లు చూశాను. నిండుగానే ఉంది.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున బండికే మహబూబాబాద్ పోయాను. బస్టాండు వెనుక హీరాలాల్ అని కార్ల మెకానిక్ ఉన్నాడు, నాతో పనిచేసిన ఖలాసీ తమ్ముడు.

"బండేది అన్నా?" అన్నాడు.

"భూపాలపల్లిల."

"మరి నువ్వు గీడ?"

"నేనే చూస్తున్న. ఫోన్ల."

హీరాలాల్ చేతిలో పానా కింద పెట్టి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "రోగి ఆడ, డాక్టరు గీడ. మధ్యల నేనేందన్నా?"

"నువ్వు కంపౌండరువు. చెప్పు."

నవ్వి, చాయ్ తెప్పించి చెప్పాడు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా కిందికి దిగకపోతే ఆ లైటు ఆరదట. లేదంటే బానెట్ కింద చిన్న డబ్బాలో ఆయిల్ తగ్గి ఉంటుందట. ముందు చక్రాల ప్యాడ్లు అరిగినా ఆయిల్ కిందికి దిగుతుందట. అవేవీ కాకపోతే స్విచ్చో వైరో. రైల్లో డోర్నకల్ వచ్చేదాకా బైబిలు వాక్యం కంఠస్థం చేసినట్టు వల్లించుకుంటూ వచ్చాను. ఎదురు సీటాయన లేచి వేరే పెట్టెలోకి పోయాడు.

వెంటనే ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నేను పెద్దవాణ్ణి. అడిగినవాళ్లే మళ్లీ అడగాలి.

ఆగస్టు 23, శనివారం

అడిగింది! పదకొండు నిమిషాలు మాట్లాడింది!

"హ్యాండ్ బ్రేకు కిందికి దించినవా బిడ్డా?"

"దించిన నాయినా. ఒత్తి ఒత్తి చూసిన."

"మొత్తం దించినవా?"

"ఇంక దించితె బండి కిందికెల్లి బయటికొస్తది."

నవ్వింది! నా బిడ్డ నవ్వింది! చిన్నప్పుడు నా టిఫిన్ డబ్బాలో కప్పపిల్లను పెట్టి పంపిన నాటి నవ్వు, అదే!

"అయితె డబ్బాల ఆయిలు తగ్గింది. పొయ్యి" అన్నాను.

"ఏ ఆయిలు?"

ఇది హీరాలాల్ చెప్పలేదు. కానీ తెలియదంటే ఏం బాగుంటుంది? "ఇంజన్ ఆయిలుంటె గదే పొయ్యి. ఆయిలంటె ఆయిలే" అన్నాను.

తర్వాత ఫోటో పంపింది. గుండ్రం, లోపల నిలువు గీత, గీత కింద చుక్క, అన్నీ ఎర్రగా. ఎంత అందంగా ఉందో! పక్కన కిలోమీటర్ల అంకె 68,412. రాసుకున్నాను. వ్యాగన్ నంబరు రాసుకోకుండా దాన్ని ముట్టే అలవాటు నాకు లేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఆరాధన కాగానే హీరాలాల్‌కి ఫోన్ చేసి నా వైద్యం గురించి గొప్పగా చెప్పాను. అటు నుంచి అరుపు.

"ఇంజన్ ఆయిలా? అన్నా! రబ్బర్లన్ని ఉబ్బి బ్రేకే పడది! పిల్లను సంపుతవా?"

పెద్దవాణ్ణన్న సంగతి మరిచి నేనే ఫోన్ చేశాను. ఎత్తింది కీర్తన కాదు.

"మామా, శ్యాంను."

"ఆయిలు..." అన్నాను.

"పొయ్యలే మామా. నేనే ఆపిన. దానికి వేరే ఆయిలుంటది. మీరు పరేషాన్ గాకుండ్రి."

"సరే" అన్నాను. పెట్టేశాను.

ఇది ఆ అబ్బాయితో మాట్లాడినట్టు కాదు. ఆయిల్ గురించి మాట్లాడాను. "సరే" అనేది ఒక మాటా?

పెద్దల మాట లెక్కచేయని మనిషి అని మొదటే అనుకున్నాను, అట్లాగే తేలింది. లెక్కచేయకపోవడం మంచిదైంది. స్తోత్రం.

సాయంత్రం కీర్తన ఇంకో ఫోటో పంపింది, నిన్న డ్యూటీ నుంచి వచ్చాక తీసిందట. 68,430.

ఆగస్టు 29, శుక్రవారం

ఈ వారంలో మూడుసార్లు ఫోన్ చేసింది. డైరీ వెనుక అట్ట మీద గీతలు పెడుతున్నాను.

ఈ రోజు నా సొంత విద్య చెప్పాను. గూడ్సు బండి వచ్చి ఆగగానే మేము చక్రం చక్రానికీ చేయి చాపి చూసుకుంటూ పోయేవాళ్లం. బ్రేకు వదలకుండా పట్టేసిన చక్రం కుంపటిలా కాలుతుంది. "డ్యూటీ నుంచి వచ్చినంక నాలుగు చక్రాల కాడ చెయ్యి వెట్టి చూడు బిడ్డా. అరచెయ్యి వెట్టకు, ఎనుక దిక్కు వెట్టు. అరచెయ్యి కాలితె రేపు నువ్వు సూదులెట్ల ఇస్తవ్?" అన్నాను.

చూసింది. "నాలుగూ సల్లగనే ఉన్నయ్ నాయినా."

భూపాలపల్లి వాకిట్లో నా బిడ్డ కూర్చుని, నేను కూర్చున్నట్టే కూర్చుని, చక్రం మీద చెయ్యి! నా పని నాతోనే పోయిందనుకున్నాను. పోలేదు!

చివర్లో "షుగర్ గోలీలు ఏసుకుంటున్నవా?" అని అడిగింది. ఇది బ్రేకుకు సంబంధించింది కాదు గనుక ఇక్కడ రాయను.

మణెమ్మ మాత్రం వంకలు పెడుతోంది. "గా పిల్లగాడు బొగ్గుబాయి కాడ కరంటు పని జేస్తడు. ఆడ లైట్లన్ని ఆయనే జూస్తడు. ఇంట్ల ఒక్క లైటు ఆర్పనీకె నువ్వు గావాల్నా?" అంది.

"కరంటు వేరు, బ్రేకు వేరు."

"లైటు కరంటే గద."

ఆమెకు మెషిన్ల సంగతులు తెలియవు. ఆ అబ్బాయి కరెంటు పని చేస్తాడని ఆమెకు ఎట్లా తెలుసో అడగడం మరిచాను.

సెప్టెంబర్ 2

మణెమ్మ రోజూ మధ్యాహ్నం తన చెల్లెలితో ఫోన్ మాట్లాడుతుంది. ఈ రోజు ఆ చెల్లెలిని "బిడ్డా" అంది. వయసు మీద పడుతోంది, పాపం.

సెప్టెంబర్ 6, శనివారం

పాత యజమాని చేతిలో ఉన్నప్పుడు కూడా ఆ లైటు వెలిగేదా అని కనుక్కుంటే సగం రోగం తెలుస్తుందని హీరాలాల్ అన్నాడు. రైలు పాస్ ఉండనే ఉంది. జనగామ పోయాను. యజమాని పేరు రామ్మోహన్ గారు. భూములున్న మనిషి. వరండాలో ఉయ్యాల మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు.

"బ్రేకు లైటా? మీ అల్లుడు నా పానం తిన్నడు గదా! ముంగటి ప్యాడ్లు అరిగినయ్, కొత్తయి ఏపిచ్చి ఆయిలు పోపిచ్చిన, ఇప్పుడు ఆరింది, ముందుగాల్నే చెప్పొద్దా పటేలా అని ఫోన్ల గరమైండు" అన్నారు.

"ఆరిందా?"

"ఆరిందనే చెప్పిండు. పోయిన నెలాఖరు."

"నిన్న గూడ ఎలుగుతున్నదన్నది నా బిడ్డ."

రామ్మోహన్ గారు ఉయ్యాల ఆపారు. "అట్లనా? అయితె ఇద్దరిట్ల ఒకలు అబద్ధమాడుతున్నరు. అల్లుడో, బిడ్డో. మీ ఇంటి సంగతి మీరే తేల్చుకోండ్రి" అని నవ్వారు.

పెద్దమనిషి, పాపం. ఈ ఏడాదే మూడు బండ్లు ముగ్గురికి అమ్మారట. ఒకరి లైటు ఇంకొకరికి కలిపారు. ఆ వయసులో మామూలే. నాకంటే రెండేళ్లు చిన్నవాడట.

తిరుగు రైల్లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కాజీపేట దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

సెప్టెంబర్ 7

లైటు ఎర్రగా వెలుగుతోందని కీర్తన చెప్పింది. నేను అనుకోనే అనుకున్నాను! రామ్మోహన్ గారికి మతిమరుపే.

సెప్టెంబర్ 14, ఆదివారం

కొత్త చిక్కు. ఇప్పుడు లైటు ఎట్లా ఉందో ఫోటో పంపమంటే పంపింది. అంకె 68,412. వెనుక పేజీలు తిప్పి చూశాను. ఆగస్టు 24న వచ్చిన ఫోటోలో 68,430 ఉంది.

అంటే కిలోమీటర్ల మీటరు కూడా పాడైంది! మూడు వారాలు రోజూ గణపురం పోయి వచ్చినా ముందుకు పోకపోగా పద్దెనిమిది కిలోమీటర్లు వెనక్కి వచ్చింది. ఎంత పాత కారును అంటగట్టారు నా బిడ్డకు! రేపే హీరాలాల్ దగ్గరికి పోతాను.

సెప్టెంబర్ 15

"మీటరు ఎనుకకు తిరుగుతదా?" అని అడిగాను.

"అమ్మేటోడు తిప్పితె తిరుగుతది. ఊకెనే తిరగది. ఏది, సూపియ్యి."

నా ఫోన్ తీసుకుని నిన్నటి ఫోటో చూశాడు. ఆగస్టులో వచ్చిన మొదటి ఫోటో చూశాడు. రెండు వేళ్లతో పెద్దది చేశాడు.

"అన్నా, రెండూ ఒక్కటే ఫోటో. గా స్టీరింగు మీద ఈగను జూడు. ఇండ్ల ఉన్నది, అండ్ల ఉన్నది. ఇరవై రెండు దినాల సంది గా ఈగ ఆడనే కూసున్నదా?"

నేను చూశాను. ఈగ ఉంది.

"లైటు ఎప్పుడో ఆరింది. పిల్ల పాత ఫోటో పంపుతున్నది" అన్నాడు, మెల్లగా. చాయ్ నా ముందుకు జరిపాడు. తాగలేదు.

హీరాలాల్‌కి కార్ల గురించి తెలుసు. ఈగల గురించి ఏం తెలుసు.

సెప్టెంబర్ 16

ఫోన్ మోగింది. ఎత్తలేదు.

సెప్టెంబర్ 17

మోగింది.

సెప్టెంబర్ 18, గురువారం

నిన్న రోజంతా ఆ ఫోటోల ముందే కూర్చున్నాను. నాకు మొదట వచ్చింది కోపం. సంఘ పెద్దను. నాకే అబద్ధం చెబుతుందా? నేను రైళ్లెక్కి, మనిషి మనిషినీ అడిగి నేర్చుకుని, వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెబుతుంటే, అటువైపు మొగుడూ పెళ్లాలు ఆరిపోయిన లైటు ముందు కూర్చుని వింటున్నారు!

తర్వాత అట్ట మీద గీతలు లెక్కపెట్టాను. లైటు ఆరిన తర్వాత, ఆగస్టు నెలాఖరు నుంచి లెక్క వేస్తే, కీర్తన తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. తొమ్మిదిసార్లు! లేని లైటు కోసం! అక్కరలేని మనిషికి ఎవరైనా తొమ్మిదిసార్లు ఫోన్ చేసి అబద్ధం చెబుతారా? నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఎంత ప్రేమగల అబద్ధం! స్తోత్రం అని రాయొచ్చో లేదో తెలియదు గాని రాస్తున్నాను.

ఆ తర్వాత భయం పట్టుకుంది. నాకు తెలిసిందని చెబితే ఇక ఏ వంకతో ఫోన్ చేస్తుంది? ఆమె చేసినా ఏ వంకతో ఎత్తాలి నేను? ఊరికే మాట్లాడుకోవడానికి మా మధ్య ఇంకేముంది, నేనన్న ఆ ఒక్క వాక్యం తప్ప? లైటు ఆరిందంటే మిగిలేది అదే.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"రెండు దినాలు ఎత్తలేదు నాయినా, పానం మంచిగలేదా?" అంది.

"ఫోన్ చార్జింగు అయిపోయింది. లైటు ఎట్లున్నది?"

"ఎలుగుతున్నది నాయినా."

"ఎలగనియ్. మెల్లగ చూద్దాం."

సెప్టెంబర్ 27

"లేని రోగానికి ఎన్ని మందులు చెప్పాలన్నా?" అని హీరాలాల్ విసుక్కుంటూనే చెప్పాడు. హ్యాండ్ బ్రేకు స్విచ్చు, డబ్బా మూతలోని తేలే బిళ్ల, దాని వైరు, బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు. కొన్ని కార్లలో అది బలహీనపడినా ఆ లైటు వెలుగుతుందట. వారానికి ఒకటి చొప్పున వాడుకోవాలి. తొందరపడి అన్నీ ఒకేసారి చెప్పకూడదు.

ఆల్టర్నేటరు గురించి చెబుతుంటే వెనుక నుంచి శ్యాం గొంతు వినిపించింది: "మామ మంచిగనే చెప్తుండు. అడుగు, అడుగు, బెల్టు గురించి గూడ అడుగు."

కరెంటు పని తెలిసినవాడు. అన్నీ తెలిసి అడగమంటున్నాడు. ఏం మనిషో!

అక్టోబర్ 5, ఆదివారం

ఆరాధన తర్వాత ఐలేశ్ నన్ను చర్చి గోడ పక్కకు పిలిచాడు. ఆ రోజు మా వాకిట్లో కూర్చున్న నలుగురు పెద్దల్లో ఒకడు.

"అబ్రహామన్నా, బిడ్డతోని మాట్లాడుతున్నవట."

"బ్రేకు సంగతి."

"నెలన్నర సంది బ్రేకు సంగతేనా? గూడ్సు బండి గిట్ల కొన్నరా?"

నవ్వేశాను. అతను నవ్వలేదు.

"నా ఉపేందర్ గూడ గట్లనే పెండ్లి చేసుకుండె గద. అబ్రహామన్న కన్నబిడ్డనే ఇంట్లకు రావద్దన్నడు, నేను అననా అని నువ్వన్న మాటే నేనూ అన్న. నా కొడుకు ముంగట అన్న. నువ్విప్పుడు బ్రేకని మాట్లాడుకుంటున్నవ్." చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "నాకే బండీ లేదన్నా."

అన్నం తినబుద్ధి కాలేదు. కీర్తన ఫోన్ వస్తే బెల్టు గురించి మూడు నిమిషాలే చెప్పాను.

అక్టోబర్ 11, శనివారం

ఈ రోజు అడిగింది.

"నాయినా, ఫోన్ల ఎంత చెప్పినా తేలుతలేదు. నువ్వే ఒకసారొచ్చి చూస్తవా?"

దేవా! "ఆలోచించి చెప్త" అన్నాను. ఆలోచించాను. నేను ఆ రోజు అన్నది వాళ్లు నా ఇంట్లోకి రావద్దని. నేను వాళ్ల ఇంటికి పోనని అనలేదు. నలుగురు సాక్షులు ఉన్నారు, కావాలంటే అడగొచ్చు. కాబట్టి నా మాట నేను తప్పినట్టు కాదు. కారు చూడ్డానికి పోతున్నాను, అంతే.

మణెమ్మకు చెప్పాను. ఆమె మంచం కింది నుంచి సంచి లాగింది. దారికి చేసే గారెలు తప్ప అన్నీ అప్పటికే సర్ది పెట్టింది.

"ఎప్పుడు సర్దినవ్?"

"బేస్తారం."

"ఆమె ఇయ్యాలనే గద పిలిచింది!"

"గా లైటు సంగతి నిన్ను అడుగుమని చెప్పిందెవలనుకుంటున్నవ్?" అని గారెలకు పప్పు ఎంత ఉందో చూడ్డానికి పోయింది.

అక్టోబర్ 18, శనివారం, భూపాలపల్లి

ఏం రోజు ఇది! చేయి ఇంకా మంట పుడుతోంది గాని రాయకుండా ఉండలేను.

రైలు దిగి, బస్సెక్కి, మధ్యాహ్నానికి భూపాలపల్లిలో దిగాము. కీర్తన పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మను పట్టుకుంది. నా ముందుకు వచ్చి ఆగింది. "చిక్కినవ్ నాయినా" అంది. "నువ్వు లావైనవ్" అన్నాను. ఇంత దూరం వచ్చి నేనన్న మొదటి మాట అది! అయినా నవ్వింది.

శ్యాం సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. "నమస్తె మామా" అని సంచి అందుకుని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బండి స్టార్ట్ చేశాడు.

లైటు వెలుగుతోంది!

ఎర్రగా, గుండ్రంగా, నిజంగా వెలుగుతోంది. ఒక్క క్షణం హీరాలాల్ మీద, రామ్మోహన్ గారి మీద నాకెంత కోపం వచ్చిందో! తర్వాత చూపు కిందికి పోయింది. ఇద్దరి సీట్ల మధ్య హ్యాండ్ బ్రేకు కర్ర రెండు పళ్లు పైకి లాగి ఉంది. శ్యాం రోడ్డు వైపే చూస్తున్నాడు. చెవుల వెంట చెమట కారుతోంది. కీర్తన అద్దంలోంచి నన్నే చూస్తోంది.

నేను వస్తున్నానని, లైటు కనబడకపోతే నేనేమైపోతానోనని, బ్రేకు సగం పట్టించి బండి నడుపుతున్నారు.

"పొద్దుగాల్ల నుంచి గిట్లనే ఉన్నది మామా" అన్నాడు శ్యాం.

"ఊఁ" అన్నాను. "మస్తు మొండి లైటు."

వాళ్ల ఇల్లు ఊరి అవతల. మూడు కిలోమీటర్లు పోయేసరికి బ్రేకు కాలే వాసన వచ్చింది. ఆ వాసన నిద్రలో వచ్చినా లేస్తాను నేను. ఇంకా ఎందుకులే, పిల్లల ముచ్చట చెడగొట్టడం అని కాసేపు ఊరుకున్నాను. వెనుక సీట్లో నా బిడ్డ కూర్చుని ఉంది. బ్రేకులు.

"ఆపు" అన్నాను.

దిగి వెనుక చక్రం దగ్గర కూర్చున్నాను. తొందరలో అరచేయే పెట్టాను. కుంపటి! ఒక మనిషి ఈ ముసలివాడికి ఒక లైటు చూపించడం కోసం తన బండి బ్రేకులు తానే కాల్చుకుంటున్నాడు. అక్కడే, ఆ రోడ్డు పక్కన, చక్రం ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. పొగ అనుకుంటారులే అని.

లోపలికి వచ్చి కూర్చుని, కర్ర చివర బొత్తాం నొక్కి, మొత్తం కిందికి దించాను. లైటు ఆరిపోయింది.

"ఆరింది నాయినా" అంది కీర్తన, ఏదో పోయిందని చెప్పినట్టు.

"మళ్లొస్తదేమో మామా" అన్నాడు శ్యాం. "నాలుగు దినాలుండి చూస్తెగాని తెల్వది."

"వస్తది" అన్నాను. "దీని గుణమే గంత. ఉండాల్సిందే."

"ఆరితె ఆరింది తియ్యుండ్రి" అంది మణెమ్మ. "గారెలు మెత్తబడుతున్నయ్, పోదాం పాండ్రి."

అక్టోబర్ 19, ఆదివారం, భూపాలపల్లి

నిన్న సాయంత్రం ఒకసారి, ఈ పొద్దున రెండుసార్లు కారు స్టార్ట్ చేయించి చూశాను. లైటు రాలేదు.

కీర్తన నా అరచేతికి మందు రాస్తూ, "నాయినా, నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"ఏంది తెలిసేది?"

"ఏం లేదు తియ్." కట్టు కట్టింది. అవసరమైన దానికంటే చాలా పెద్ద కట్టు. విప్పమనలేదు నేను.

చాయ్ తాగేటప్పుడు శ్యాంతో అన్నాను. "ఎనుక చక్రాల బ్రేకు లైనింగులు కాలినయ్. బండి డోర్నకల్ తేవాలె. హీరాలాలయితె మంచిగ జూస్తడు." భూపాలపల్లిలో మెకానిక్కులు లేరా అని అడగలేదు, మంచివాడు. తల ఊపాడు.

కీర్తన అడిగింది. "బండి తెస్తం. మరి మేమెక్కడ దిగాలె నాయినా?"

నవ్వుతూ అడగలేదు. శ్యాం చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. మణెమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది. ఇన్ని రోజులూ నేను దాటుకుంటూ వచ్చిన చోటు ఇదే. సీటు కింద, మీటరు కింద, ఆయిల్ డబ్బా కింద ఎక్కడా దాక్కోవడానికి లేదు.

"ఇంట్ల దిగండ్రి" అన్నాను. "నేను ఆనాడు అనరాని మాట అన్న. ఇద్దరు ఇంట్లనే దిగండ్రి."

కీర్తన ఏడ్చింది. నేను ఏడవలేదు. మణెమ్మ ఏడ్చావంటోంది.

తర్వాత బయటికి వచ్చి ఐలేశ్‌కి ఫోన్ చేశాను. "వచ్చే ఆదివారం నా బిడ్డ, నా అల్లుడు నాతోని చర్చికొస్తున్నరు. నలుగురి ముంగట అన్నది తప్పని నలుగురి ముంగట్నే చెప్త. నువ్వు ఉపేందర్‌కు ఫోన్ జెయ్యి."

"ఏమని జెయ్యాలె? నాకు నీ లెక్క బ్రేకుల సంగతి రాకపాయె."

"నాకూ రాదు" అన్నాను.

సాయంత్రం శ్యాం సెలవు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "మామా, ఎన్ని దినాలు పెట్టాలె? లైనింగుల పని ఎంతసేపు పడ్తది?"

"నాలుగు దినాలు పడ్తది" అన్నాను.

పట్టదు.